మొగ్గు, వాలు, వంపు: కొన్ని ఇంగ్లీషు మాటల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల తెలుగు ఇళ్లలో పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పోటీ పరీక్షల్లో ఇంగ్లీషు వాడుతూ పెరుగుతారు. సిరొంచ, రాజురా, బల్లార్షా వైపు విద్యార్థులు ఇంగ్లీషు పదజాలం గురించి అడిగే సందేహాలలో ఒక గుంపు ఎప్పుడూ కలిసే వస్తుంది: ఇన్‌క్లినేషన్, టెండెన్సీ, బయాస్, ప్రొపెన్సిటీ, ప్రొక్లివిటీ, పెంచంట్, బెంట్, ప్రోన్. నిఘంటువు తెరిస్తే వీటిలో చాలావాటికి ‘మొగ్గు’ అనో ‘ప్రవృత్తి’ అనో ఒకే అర్థం కనిపిస్తుంది. పరీక్షలో మాత్రం వాటి మధ్య తేడానే అడుగుతారు. ఆ తేడాలను, అవి ఎక్కడి నుంచి వచ్చాయన్న సంగతిని ఈ కింది జవాబులు వివరిస్తాయి.

ఈ మాటలన్నీ పర్యాయపదాలు కావా?

కావు. దగ్గరి చుట్టాలే గాని, ఒకదాని బదులు ఒకటి నిలబడలేవు. ప్రతి మాట వెనుకా మనసుకు సంబంధం లేని ఒక స్థూలమైన స్థితి ఉంది. ఇన్‌క్లినేషన్‌లో వాలి ఉండడం, ప్రొపెన్సిటీలో ముందుకు వేలాడడం, టెండెన్సీలో ఒక వైపుకు సాగదీసి ఉండడం, బెంట్‌లో వంచి ఉండడం, ప్రొక్లివిటీలో కొండవాలు దిగడం కనిపిస్తాయి. మనిషి ఇష్టాయిష్టాలకు ఈ మాటలను వాడడం తరువాతి కాలంలో వచ్చింది. తొలి స్థితి నేటి వాడుకలో పూర్తిగా చెరిగిపోలేదు. ఏ మాట మంచి అలవాటుతో కుదురుతుంది, ఏది చెడ్డ అలవాటుతో కుదురుతుంది అన్నది చాలావరకు అదే నిర్ణయిస్తుంది.

గనుల్లో వినే ‘ఇంక్లైన్’, వ్యాసాల్లో చదివే ‘ఇన్‌క్లినేషన్’ ఒకటేనా?

రెండూ ఒకే మాట. బొగ్గు గనిలోకి నిలువుగా దిగే బావిని షాఫ్ట్ అనీ, ఏటవాలుగా దిగే సొరంగాన్ని ఇంక్లైన్ అనీ అంటారు. గోదావరిఖనిలో ‘8 ఇంక్లైన్ కాలనీ’ అని పేటకే పేరు నిలిచిపోయింది. సింగరేణి ప్రాంతం నుంచి బల్లార్షా, రాజురా గనుల వైపు వచ్చి స్థిరపడిన కుటుంబాలలో ఈ మాట తెలియనివారు ఉండరు. అది ఇంగ్లీషు మాట అన్న స్పృహ కూడా చాలామందికి ఉండదు.

లాటిన్‌లో ‘ఇన్‌క్లినారే’ అంటే ఒక వైపుకు వంచు, వాల్చు అని అర్థం. అది ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చి, మొదట్లోనే రెండు పనులూ చేయసాగింది: నేల వాలినా ఇన్‌క్లైన్, మనసు వాలినా ఇన్‌క్లైన్. భౌతికశాస్త్రంలో వాలుతలాన్ని ఇన్‌క్లైన్డ్ ప్లేన్ అంటారు. ఉపగ్రహ కక్ష్య భూమధ్యరేఖా తలంతో చేసే కోణం పేరు ఇన్‌క్లినేషన్. ‘నాకు వెళ్లాలని లేదు’ అన్న భావాన్ని మర్యాదగా చెప్పడానికి ‘నాట్ ఇన్‌క్లైన్డ్ టు గో’ అంటారు. ఈ గుంపులో అన్నింటికంటే తటస్థమైన మాట ఇదే. మంచికీ, చెడుకూ, ఊరికే కలిగిన ఇష్టానికీ పనికివస్తుంది కాబట్టి, ఏది రాయాలో తోచనప్పుడు దీన్ని రాస్తే తప్పు పడే అవకాశం తక్కువ.

దీనికి ఇంగ్లీషు సొంత మాట ‘లీన్’. పాత ఇంగ్లీషులో దాని రూపం ‘హ్లినియన్’. ముందున్న హకారం కాలక్రమంలో రాలిపోయింది. లాటిన్ ‘క్లినారే’, గ్రీకు ‘క్లినేయిన్’, ఇంగ్లీషు ‘లీన్’ మూడూ ఒకే ప్రాచీన ధాతువు నుంచి పుట్టాయి. ఆ ధాతువుకు సంస్కృతంలో ఉన్న రూపం ‘శ్రి’. ‘శ్రయతి’ అంటే ఆనుకొను, చేరగిలు. మనం నిత్యం వాడే ‘ఆశ్రయం’ దాని నుంచే వచ్చింది. ఇది చెవికి నమ్మశక్యంగా అనిపించదు గాని, ధ్వనుల లెక్క సరిగ్గా సరిపోతుంది. సంస్కృతంలో ‘శ’ ఉన్నచోట లాటిన్‌లో ‘క’, ఇంగ్లీషులో ‘హ’ రావడం ఈ భాషల మధ్య స్థిరపడిన నియమం. వంద అంకెనే చూడండి: సంస్కృతంలో ‘శతం’, లాటిన్‌లో ‘కెంటుమ్’, ఇంగ్లీషులో ‘హండ్రెడ్’. పై మాటలో లకారం సంస్కృతంలో రేఫగా మారింది, అంతే. నిచ్చెనకు ఇంగ్లీషులో ఉన్న ‘లాడర్’ అనే పేరు కూడా ఈ ధాతువుదే, ఎందుకంటే నిచ్చెన అంటే గోడకు ఆనించేదే.

అయితే తెలుగులోని ఒరగు, వాలు, మొగ్గు అనే మాటలు ద్రావిడ మాటలు. వాటికి ఈ కుటుంబంతో చుట్టరికం లేదు. ‘ఆశ్రయం’ మనకు సంస్కృతం ద్వారా వచ్చింది కాబట్టే ఆ బంధుత్వం దొరికింది.

క్లినిక్, క్లైమేట్, క్లయింట్ కూడా దీని నుంచే వచ్చాయని విన్నాము. నిజమేనా?

మొదటి రెండూ నిస్సందేహంగా వచ్చాయి. గ్రీకులో ‘క్లినే’ అంటే ఒరిగి పడుకునే మంచం. మంచం పట్టిన రోగి దగ్గరికి వెళ్లి చూసే వైద్యుడికి ‘క్లినికోస్’ అని పేరు వచ్చింది, దాని నుంచే నేటి క్లినిక్. ఇప్పుడు రోగే వైద్యుడి దగ్గరికి నడిచి వెళ్లి టోకెన్ తీసుకుని కూర్చుంటున్నాడన్నది వేరే సంగతి.

గ్రీకులో ‘క్లిమా’ అంటే వాలు. భూమధ్యరేఖ నుంచి ధ్రువం వైపు పోయేకొద్దీ సూర్యకిరణాలు పడే ఏటవాలు మారుతుందని గమనించి, ప్రాచీన గ్రీకు భూగోళ శాస్త్రవేత్తలు భూమిని ఆ వాలు ప్రకారం పట్టీలుగా విభజించారు. ఒక్కొక్క పట్టీ ఒక ‘క్లిమా’. అలా ‘వాలు’ అన్న మాట ప్రాంతానికీ, ఆ ప్రాంతపు వాతావరణానికీ పేరయింది. మే నెలలో చంద్రపూర్‌లో 45 డిగ్రీలు దాటినప్పుడు క్లైమేట్ గురించి మాట్లాడుకునేవారు, మాట ప్రకారం చూస్తే, సూర్యుడు నడినెత్తికి ఎంత దగ్గరగా ఉన్నాడో మాట్లాడుకుంటున్నట్టే.

క్లయింట్ సంగతి కొంచెం వేరు. రోమ్‌లో పెద్ద కుటుంబాన్ని ఆనుకుని, దాని రక్షణలో బతికే సామాన్యుడిని ‘క్లియెన్స్’ అనేవారు. ‘ఆనుకున్నవాడు’ అన్న వ్యుత్పత్తి ప్రసిద్ధమైనదే గాని, ‘మాట వినేవాడు’ అన్న వ్యుత్పత్తిని చెప్పే పండితులూ ఉన్నారు. ‘ఆశ్రితుడు’ అన్న మన మాటతో అర్థం చక్కగా సరిపోతుంది కదా అని మొదటిదాన్ని ఖాయం చేసుకోవడం తొందరపాటు.

‘కల్ చాచణీ’ని ఇంగ్లీషులో ఆప్టిట్యూడ్ టెస్ట్ అనవచ్చా?

మహారాష్ట్రలో పదో తరగతి విద్యార్థులకు 2016 నుంచి కొన్నేళ్లపాటు జరిగిన ఆ పరీక్ష పేరు ఈ ప్రాంతపు తెలుగు కుటుంబాలకు బాగా తెలుసు. ఇంగ్లీషులో దాన్ని ఆప్టిట్యూడ్ టెస్ట్ అనే రాసేవారు. కాని మరాఠీ ‘కల్’ అంటే వాలు, మొగ్గు; ఇంగ్లీషులో దానికి సరిగ్గా ఎదురు నిలిచేది ఇన్‌క్లినేషన్. ఆప్టిట్యూడ్ అనే మాట ‘అమరినది, తగినది’ అనే అర్థమున్న లాటిన్ ‘ఆప్టుస్’ నుంచి వచ్చింది కాబట్టి అది సామర్థ్యానికి చెందుతుంది. అమ్మాయికి లెక్కల్లో ఆప్టిట్యూడ్ ఉండి, ఇన్‌క్లినేషన్ బొమ్మలు గీయడం మీద ఉండవచ్చు. దరఖాస్తులో ఈ రెండింటినీ కలిపేస్తే, చదివేవారికి మీరు చెప్పదలచుకున్నది ఇష్టమా సత్తువా అన్నది తెలియదు.

టెండెన్సీకి అసలు అర్థం ఏమిటి?

లాటిన్ ‘తెందెరే’ అంటే సాగదీయు, లాగి పట్టు, ఒక దిక్కుకు గురిపెట్టు. విల్లు లాగడానికీ, గుడారం బిగించి కట్టడానికీ ఇదే క్రియ వాడేవారు. టెంట్, ఎక్స్‌టెండ్, ఇన్‌టెండ్, ప్రిటెండ్ అన్నీ దాని సంతానమే. సంస్కృతంలో దీని బంధువు ‘తన్’ అనే ధాతువు. తంతువు, తంత్రి, వితానం అనే మాటలలో ఆ సాగదీతను గుర్తుపట్టవచ్చు. కాబట్టి టెండెన్సీ అంటే ఒక వస్తువు ఏ దిక్కుకు లాగబడి ఉందో అటే కదలడం. ఇందులో ఇష్టం ఉండనవసరం లేదు. ఇనుముకు తుప్పు పట్టే టెండెన్సీ ఉంటుంది. ఇనుముకు ఇన్‌క్లినేషన్ ఉందంటే మాత్రం విన్నవారు నవ్వుతారు. ప్రాణం లేని వస్తువులకూ, గణాంకాలకూ, ధరలకూ టెండెన్సీ వాడడం అందుకే సహజం.

రోగిని కనిపెట్టుకుని ఉండడానికి వాడే ‘టెండ్’ వేరే మాటలా కనిపిస్తుంది గాని, అది ‘అటెండ్’కు కుదించిన రూపం. అటెండ్ అంటే మనసును ఒకదాని వైపు సాగదీయడం కాబట్టి, అదీ చివరికి ఈ ఇంటిదే.

ఓట్ల లెక్కింపు రోజున టీవీలో చెప్పే ‘ట్రెండ్’ టెండెన్సీ నుంచి వచ్చిందా?

రాలేదు. అక్షరాలు పోలినంత మాత్రాన చుట్టరికం కుదరదు. ట్రెండ్ పాత ఇంగ్లీషు ‘ట్రెండన్’ నుంచి వచ్చింది. దాని అర్థం దొర్లు, తిరుగు. 16వ శతాబ్దంలో దాన్ని నదులకూ, తీరరేఖలకూ, కొండల వరుసలకూ వాడసాగారు. వార్ధా, వైన్‌గంగా కలిసిన తరువాత ప్రాణహిత దక్షిణంగా సాగి సిరొంచ దగ్గర గోదావరిలో కలుస్తుందని చెప్పేటప్పుడు, ఆ ‘దక్షిణంగా సాగడం’ ట్రెండ్ అయ్యేది. అభిప్రాయాల, ధరల పోకడకు ఆ మాటను వాడడం ఆ తరువాతిది. లెక్కింపు రోజున మరాఠీ ఛానెళ్లు దీన్నీ ‘కల్’ అనే చెబుతాయి, అందువల్ల ఇక్కడి పిల్లలకు ట్రెండ్, ఇన్‌క్లినేషన్ రెండూ ఒకే మాటగా తోచడం సహజమే. ట్రెండ్ కొంతకాలం గమనిస్తేనే తెలిసేది. ఒక్క క్షణపు మొగ్గును ట్రెండ్ అనరు.

బయాస్ అంటే పక్షపాతమేనా? దర్జీలూ ఆ మాట వాడతారని విన్నాము.

పక్షపాతం దాని అర్థాలలో ఒకటి మాత్రమే. ఈ గుంపులో నిజంగా లోతుగా చూడదగిన మాట ఇదే అని ఈ రచయిత అభిప్రాయం.

ఫ్రెంచి ‘బియే’ అంటే ఏటవాలు, ఐమూల. 16వ శతాబ్దంలో అది ఇంగ్లీషులోకి వచ్చి, బట్టను ఐమూలగా కత్తిరించడానికి పేరుగా స్థిరపడింది. మన దర్జీలు దీన్నే ‘క్రాస్’ అంటారు. జాకెట్టు మెడకు పైపింగ్ వేయడానికి క్రాస్ పీసు తీసే పద్ధతిని గమనించండి. గుడ్డ మూలను పట్టుకుని, పడుగు వైపు అంచు పేక మీద సరిగ్గా పడేలా మడుస్తారు. ఆ మడత 45 డిగ్రీల గీత అవుతుంది. ఆ గీత వెంట సన్నని పట్టీలు కోస్తారు. నిలువుగా కోసిన పట్టీని లాగితే సాగదు, మెడ గుండ్రంలో ముడతలు పడుతుంది. క్రాస్‌గా కోసినది వేళ్ల మధ్య సాగి, వంపు ఎలా తిరిగితే అలా తిరిగి కూర్చుంటుంది. దారాలు అవే, గుడ్డ అదే. కోసిన దిక్కును బట్టి గుణం మారింది. బయాస్ అన్న మాటలో ఉన్న సూక్ష్మం కూడా ఇదే.

రెండో అర్థం బౌల్స్ అనే ఇంగ్లీషు ఆట నుంచి వచ్చింది. పచ్చిక మీద బంతిని దొర్లించి గురి చేరే ఆట అది. ఆ బంతి పూర్తి గుండ్రంగా ఉండదు, ఒక వైపు ఆకారం కాస్త తేడాగా ఉంటుంది. పాతకాలంలో ఒక పక్కన బరువు పెట్టేవారు. తిన్నగా వదిలినా, వేగం తగ్గేకొద్దీ అది ఒక పక్కకు వంపు తిరుగుతుంది. ఆ అసమానతకూ, ఆ వంపుకూ బయాస్ అని పేరు. మనిషి మనసులో బయటికి కనబడని మొగ్గుకు ఈ పేరు అక్కడి నుంచే వచ్చింది. ఆటగాడు తిన్నగానే వేశాననుకుంటాడు, బంతిలోని బరువు దాన్ని పక్కకు తీసుకుపోతుంది. అందువల్ల బయాస్ ఉన్నవాడు కావాలని అన్యాయం చేస్తున్నాడని చెప్పినట్టు కాదు. 1974లో ట్వెర్‌స్కీ, కానెమాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు మనుషుల అంచనాల్లో వచ్చే పొరపాట్లను బయాసెస్ అని పిలిచినప్పుడు, వారు మాట్లాడింది దురుద్దేశం గురించి కాదు, ఒకే దిక్కుకు పదేపదే జరిగే తప్పు గురించి.

గణాంక శాస్త్రంలోనూ అదే అర్థం. మధ్యాహ్నం వేళ బజారులో కనిపించినవారినే అడిగి ఊరి అభిప్రాయం రాస్తే, పొలానికి వెళ్లినవారు, షిఫ్టులో ఉన్నవారు లెక్కలోకి రారు. అడిగినవారి సంఖ్య పెంచినా ఆ తప్పు తగ్గదు, ఎందుకంటే అది యాదృచ్ఛికమైన తప్పు కాదు. ఎలక్ట్రానిక్స్‌లో ట్రాన్సిస్టర్ సరైన చోట పనిచేయడానికి ముందుగానే ఇచ్చే స్థిరమైన వోల్టేజీని కూడా బయాస్ అంటారు. అక్కడ అది దోషం కాదు, అవసరం. ఇక లారీ టైర్లలో బయాస్ ప్లై అంటే లోపలి దారపు పొరలను ఐమూలగా, ఒకదానికొకటి అడ్డంగా వేసిన టైరు. మన మెకానిక్కులు దాన్ని నైలాన్ టైరు అంటారు, రేడియల్ టైరు నుంచి వేరు చేయడానికి.

ప్రోన్, ప్రొపెన్సిటీ, ప్రొక్లివిటీ ఎందుకు చెడ్డ విషయాలకే ఎక్కువగా వాడతారు?

మూడింటిలోనూ ‘ముందుకు’ అనే అర్థమున్న ‘ప్రో’ వంటి మొదలు ఉంది. ముందుకు, కిందికి వాలిన వస్తువును ఆపడం కష్టం. ప్రోన్‌కు మూలమైన లాటిన్ ‘ప్రోనుస్’ అంటే ముందుకు వంగిన, బోర్లా పడిన. కరోనా కాలంలో ఊపిరి అందని రోగులను బోర్లా పడుకోబెట్టడాన్ని వైద్యులు ప్రోనింగ్ అన్నది ఆ అసలు అర్థంలోనే. వెల్లకిలా పడుకోవడం సుపైన్. ప్రమాదాలకు, జబ్బులకు, వరదలకు ‘ప్రోన్’ అంటారే గాని, విజయానికి ప్రోన్ అని ఎవరూ రాయరు.

ప్రొక్లివిటీలో ఉన్న ‘క్లివుస్’ అంటే కొండవాలు. దిగుడు దారిలో కాళ్లు వాటంతట అవే పోయినట్టు మనిషిని తీసుకుపోయే అలవాటు కాబట్టి, ఇది తరచుగా అంత గౌరవం కాని అలవాట్లకే వస్తుంది.

ప్రొపెన్సిటీ కొంత గంభీరమైనది. లాటిన్ ‘పెందెరే’ అంటే వేలాడదీయు, తూచు. త్రాసును వేలాడదీసే తూచేవారు కాబట్టి రెండు అర్థాలూ ఒకే మాటలో ఇమిడాయి. పెండ్యులమ్, డిపెండ్, తూచి ఇచ్చే సొమ్మయిన పెన్షన్ దీని చుట్టాలే. త్రాసు తట్ట ఒక వైపుకు దిగడాన్ని మనం ‘మొగ్గింది’ అంటాం కదా; ప్రొపెన్సిటీకి మన భాషలో అన్నింటికంటే దగ్గరిది ఆ మాటే. అర్థశాస్త్రంలో దీనికి పెద్ద పీట ఉంది. మనుషులకు ఒకదానికొకటి మార్చుకునే ప్రొపెన్సిటీ ఉందని ఆడమ్ స్మిత్ 1776లో రాశాడు. 1936లో కీన్స్ ‘ప్రొపెన్సిటీ టు కన్స్యూమ్’ అనే భావనను ప్రతిపాదించాడు. పన్నెండో తరగతి పుస్తకాల్లో ఉపాంత వినియోగ ప్రవృత్తి అని చదివేది దీనికి సంబంధించినదే: చేతికి అదనంగా 100 రూపాయలు వస్తే అందులో 80 ఖర్చయితే, ఆ విలువ 0.8. ఇక్కడ మంచిచెడ్డల ప్రసక్తి లేదు. శాస్త్రంలోకి వచ్చిన మాట నింద పోగొట్టుకుంటుందనడానికి ఇది ఉదాహరణ.

పెంచంట్, ప్రిడిలెక్షన్, పార్షియల్ అనే మూడింటిలో ఇష్టం ఉందా?

ఉంది. పెంచంట్ అన్నది ఫ్రెంచిలో ‘వాలుతున్న’ అనే అర్థమున్న మాట. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది, కాస్త ముచ్చటగా వినిపించే ఇష్టానికి వాడతారు. బ్రిటిషువారు ఫ్రెంచి పలుకుబడికి దగ్గరగా ‘పాఁషాఁ’ అంటారు, అమెరికన్లు ‘పెంచంట్’ అంటారు. మౌఖిక పరీక్షలో రెండూ చెల్లుతాయి. ప్రిడిలెక్షన్‌లో వాలు లేదు, ‘ముందే ఎంచుకుని ప్రేమించడం’ ఉంది. శ్రద్ధగలవాడిని డిలిజెంట్ అనడం కూడా ఆ ప్రేమ నుంచే వచ్చింది. పార్షియల్ అంటే ఒక భాగం వైపు ఉండడం; వ్యక్తుల మధ్య పార్షియల్ అయితే నింద, మామిడిపండ్లకు పార్షియల్ అయితే కేవలం ఇష్టం.

బెంట్ అంటే వంకర కదా, దాన్ని పొగడ్తగా ఎలా వాడతారు?

బెండ్ అన్న క్రియ మొదట విల్లుకు నారి కట్టి వంచడానికి వాడినది. వంచిన విల్లు పనికి సిద్ధంగా ఉన్న విల్లు. ‘లిటరరీ బెంట్’, ‘మెకానికల్ బెంట్’ అంటే మనసు ఆ పనికి అలా బిగిసి ఉందని అర్థం. వంకర అన్న అర్థం కూడా ఉంది. బ్రిటిషు వాడుకలో లంచగొండి పోలీసును బెంట్ అంటారు. సందర్భమే తేల్చాలి.

లిస్ట్‌లెస్‌కూ జాబితాకూ ఏమిటి సంబంధం?

ఏమీ లేదు. పాత ఇంగ్లీషులో ‘లిస్ట్’ అంటే కోరు, ఇష్టపడు అని ఒక క్రియ ఉండేది. ఏ కోరికా లేక నీరసపడినవాడు లిస్ట్‌లెస్.

మాట పుట్టుక తెలిస్తే అర్థం తెలిసినట్టేనా?

తెలిసినట్టు కాదు. పుట్టుక గుర్తుపెట్టుకోవడానికి ఉపయోగపడుతుంది, తీర్పు చెప్పడానికి పనికిరాదు. ‘పక్షపాతం’ అన్న మాటలో పక్కకు పడడం ఉంది. లాటిన్ వ్యాకరణంలో విభక్తిని ‘కాసుస్’ అనడంలోనూ పడడమే ఉంది, ఇంగ్లీషు ‘కేస్’ దాని నుంచే వచ్చింది. అంత మాత్రాన విభక్తికీ పక్షపాతానికీ అర్థంలో పొత్తు కుదరదు. నేటి రచయితలు ఆ మాటను దేని పక్కన పెడుతున్నారో నాలుగు వాక్యాలు చదివి చూడడమే నమ్మదగిన దారి.

వీటి తరువాత ఏ మాట రావాలి?

పరీక్షల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. ఇన్‌క్లైన్డ్, టెండ్, టెండెన్సీ తరువాత ‘టు’ పెట్టి క్రియ రాయాలి. ‘టెండెన్సీ ఆఫ్ డూయింగ్’ అని మనవాళ్లు తరచూ రాసేది మంచి ఇంగ్లీషు కాదు. పెంచంట్, ప్రిడిలెక్షన్ తరువాత ‘ఫర్’ వస్తుంది. ప్రొపెన్సిటీ తరువాత క్రియ ఉంటే ‘టు’, నామవాచకం ఉంటే ‘ఫర్’. ప్రోన్, పార్షియల్ తరువాత ‘టు’ వచ్చినా, పార్షియల్ టు తరువాత క్రియ మూలరూపం రాకూడదు, నామవాచకమే రావాలి. బయాస్‌కు అనుకూలమైతే ‘టువర్డ్స్’, ప్రతికూలమైతే ‘అగైన్స్ట్’. ఒక మనిషి గురించి చెప్పేటప్పుడు ‘హి ఈజ్ బయాస్’ అని రాయడం ఇప్పుడు ఫోన్ సందేశాలలో బాగా కనిపిస్తోంది. బయాస్ నామవాచకం కాబట్టి అక్కడ ‘బయాస్డ్’ అని ఉండాలి.